ముప్పై అంటే ఉహ్హై

కాజీపేట స్టేషన్ బయట ఆటో అతన్ని అడిగాను, "హన్మకొండ చౌరస్తాకు ఎంతన్నా?" అని. ఆయన గడ్డం ఆకాశానికెత్తి, కింది పెదవిని గిన్నెలా పట్టి, "ఉహ్హై" అన్నాడు. అర్థం కాలేదన్నాను. మళ్లీ "ఉహ్హై" అని, నా మీద జాలిపడి మూడు వేళ్లు చూపించాడు. ముప్పై అన్నమాట.

నోట్లో గుట్కా ఉన్నవాడు ప, ఫ, బ, భ, మ పలకడు. పెదవులు కలిపి విడిస్తే ఎదుటివాడి చొక్కా ఖరాబవుతుంది. ఎంత మర్యాద! దారిలో ఇంటి నుంచి ఫోనొస్తే "హియ్యం తెస్తా" అన్నాడు. బియ్యమని ఇంట్లోవాళ్లకు అర్థమైంది కూడా. సిగ్నల్ దగ్గర పక్క ఆటోలోని మిత్రుడు ఏదో అడిగాడు, ఈయనేదో చెప్పాడు. గడ్డాలెత్తి మాట్లాడుకుంటున్న ఆ ఇద్దర్నీ చూస్తే నీళ్లు తాగుతున్న రెండు కోళ్లు గుర్తొచ్చాయి. సిగ్నల్ పడింది. సంభాషణ పూర్తికాలేదని ఇద్దరూ కదల్లేదు. వెనక హారన్లు. "హోనీ రా హై!" అని మనవాడు వాళ్ల మీదే గరమయ్యాడు. పోనీరా భై అని నా అనువాదం.

ఖిలా వరంగల్‌లో కాకతీయులు నిలబెట్టిన రాతి తోరణాలు నాలుగే. మనం ప్రతి పాన్ డబ్బాకూ పొట్లాల తోరణం కట్టుకున్నాం. తినే పదార్థాల్లో పొగాకు కలపొద్దని 2011లో నిబంధన వచ్చింది. కంపెనీలు చట్టానికి తలవంచి కలపడం మానేశాయి. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం, పక్కపక్కనే వేలాడతాయి. కలిపే పని మన నోటికి అప్పగించారు.

ఆ నోట్లో ఏం జరుగుతుందంటే, చిగుళ్లలో కొన్ని కణాలు కొల్లాజెన్ అనే నార పేని పంటిని పట్టి ఉంచుతాయి. పొగాకులోని నికోటిన్ తగిలిందంటే అవి సరిగా పెరగవు, అతుక్కోవు, నార పేనడం తగ్గిస్తాయి. చిగురు జారి పంటి వేరు బయటపడుతుంది. సున్నం కలిపితే నికోటిన్ ఇంకా తొందరగా లోపలికి దూరుతుంది. పొగాకును ఆరబెట్టి మాగబెట్టేటప్పుడు పుట్టే నైట్రోసమైన్లనే రసాయనాలు కణంలోని డీఎన్‌ఏనే చెడగొడతాయి, క్యాన్సర్‌కు దారి అదే. పాన్ మసాలాలో ఉండే వక్కది ఇంకో వరస. అందులోని అరెకోలిన్ అనే రసాయనం బుగ్గ లోపల అవసరం లేని నారను పేనిస్తూనే ఉంటుంది. బుగ్గ అట్టలా బిగుసుకుంటుంది.

పరకాలలో మా బావకు 34 ఏళ్లు. దవాఖానలో డాక్టరమ్మ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమంది. మామూలు నోటికి ఇంచుమించు అంత పట్టాలి. ఆయనకు ఒక్కటే పట్టింది. ఇప్పుడు అక్క అన్నం మెత్తగా పిసికి, చారు పోసి, పిల్లల చెంచాతో పళ్ల సందులోంచి పోస్తోంది. కారం తగిలితే బావ కళ్లలో నీళ్లు. నవ్వులాటగా రాద్దామనే కూర్చున్నాను, ఇక్కడ నా వల్ల కావట్లేదు. "మేం కలపలేదు కదా" అని చేతులు దులుపుకునే దొంగల్లారా, పాన్ మసాలా బ్రాండుకే యాలకుల పేరు చెప్పి టీవీల్లో నవ్వే సినిమా పెద్దమనుషుల్లారా, ఒక్క పూట వచ్చి ఆ చెంచా పట్టుకోండి! పొగాకు పొట్లం మీద 85 శాతం హెచ్చరికే అట, భయపెట్టే బొమ్మతో సహా. ఆ బొమ్మను చింపితేనే కదా లోపలి సరుకు దక్కేది.

చౌరస్తా వచ్చింది. ఆటో అతను రోడ్డు పక్కకు వంగి, వేలితో పెదవి లాగి మొత్తం ఊడ్చి ఉమ్మేశాడు. దగ్గర్నుంచి కనబడింది. దవడ పక్కన చిగురు తెల్లగా, నానిన కాగితంలా ముడతలు పడి ఉంది. రెండు పళ్లు పక్కవాటికంటే పొడుగ్గా, వేర్లతో సహా బయటికొచ్చాయి. నేను చూడటం చూసి మూతి తుడుచుకున్నాడు.

"ముప్పై ఇయ్యండి సార్" అన్నాడు, స్పష్టంగా.

చిల్లర తీసేలోపు జేబులోంచి రెండు పొట్లాలు తీసి పళ్లతో చింపాడు.