ముందు మీ సంప్రదాయం ఏమిటో చెప్పండి

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల చుట్టూ ఉన్న ఎర్రమట్టి బాటల్లో బండి తిప్పాలనుకునేవాడికి ముందుగా కావలసింది హెల్మెట్ కాదు, బూట్లు కాదు, ఇంట్లో పర్మిషన్ అసలే కాదు. బండి ఇంజిన్ విషయంలో తాను టూ స్ట్రోక్ సంప్రదాయానికి చెందినవాడా, ఫోర్ స్ట్రోక్ సంప్రదాయానికి చెందినవాడా అన్నది తేలాలి. అది తేల్చుకోకుండా కొండెక్కినవాళ్లు లేకపోలేదు. కిందికి దిగాక టీ కొట్టు దగ్గర నోరు విప్పే హక్కు వాళ్లకుండదు, అంతే.

సిద్ధాంత భేదం చిన్నదేమీ కాదు. ఇంజిన్ ఇరుసు, అంటే క్రాంక్, తిరిగిన ప్రతిసారీ ఓ పేలుడు జరిగి తీరాలని టూ స్ట్రోక్ వారి మతం. రెండు చుట్లకు ఒక్క పేలుడు చాలు, మిగతా సమయం తీరుబడిగా గాలి పీల్చుకోవడానికీ పొగ వదలడానికీ ఉంచుకోవాలని ఫోర్ స్ట్రోక్ వారి వాదం. ఈ ఒక్క చుట్టు తేడా మీద పెళ్లికాని కుర్రాళ్లూ, పిల్లల పెళ్లిళ్లు చేసేసిన పెద్దలూ సమానంగా గొంతు చించుకుంటారు. ఆస్తి తగాదాలకైనా లోక్ అదాలత్ ఉంది, దీనికి అదీ లేదు.

టూ స్ట్రోక్ వారికి ఆచారాలు ఎక్కువ. మన దేశంలో వారి ఇలవేల్పు 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100. ఇంజిన్ 98 సీసీ, బరువు 100 కిలోలు అటూ ఇటూ. 1996లో తయారీ ఆగిపోయింది కాబట్టి దానికిక చావు లేదు. కంపెనీవాళ్లు పెట్రోల్‌తో కలవాల్సిన ఆయిల్‌కు వేరే ట్యాంకు, కొలిచి పంపడానికి ఓ పంపు పెట్టిచ్చారు. నిష్ఠాపరులు మొట్టమొదట చేసే పని ఆ పంపు పీకేయడం. లీటరు పెట్రోల్‌కు 25 మిల్లీలీటర్ల 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్ స్వహస్తాలతో కలిపితేనే పుణ్యం. ఆ కలపడం చూసి తీరాలి. దగ్గు మందు సీసా మూత పట్టుకుని, ఒక కన్ను మూసి, ఆయిల్ సరిగ్గా గీత దగ్గరికి వచ్చిందా లేదా అని ఎండకు ఎదురుగా నిలబడి చూస్తాడు. అదే మనిషి పిల్లాడికి దగ్గు మందు మాత్రం ఉజ్జాయింపుగా పోస్తాడు.

బండి స్టార్ట్ కాకపోతే వీళ్లకు టెన్షన్ లేదు. స్పార్క్ ప్లగ్ ఊడదీసి, ప్యాంటుకు తుడిచి, ఎమరీ పేపర్‌తో రెండు గీకులు గీకి, బిగించి కిక్ కొడతారు. స్టార్టయితే తమ ప్రతిభ, కాకపోతే బంకువాడి కల్తీ.

అసలు తత్వం దిగుడులో బయటపడుతుంది. గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. టూ స్ట్రోక్‌కు ఆ పట్టు తక్కువ, భారమంతా బ్రేకులదే. పైగా ఆయిల్ పెట్రోల్‌లోనే కలిసి ఉండే బండిలో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి పొడుగాటి వాలు దిగితే, పెట్రోల్‌తో పాటు పిస్టన్‌కు ఆయిలూ సరిగా అందదు. ఇంజిన్ పట్టేసే ప్రమాదముంది. అందుకే మధ్యమధ్యలో క్లచ్ నొక్కి ర్ర్‌ర్ర్‌మని రెండుసార్లు అరిపిస్తారు. ఊళ్లోవాళ్లు దాన్ని పొగరు అనుకుంటారు. అది లూబ్రికేషన్.

ఫోర్ స్ట్రోక్ వారు శాంతమూర్తులు. ‘టార్క్’ (చక్రాన్ని తిప్పే బలం) అని ఒక్క మాట అని ఊరుకుంటారు. ఎక్స్‌పల్స్ లాంటి బండి నిదానంగా ఎక్కుతుంది, నిదానంగా దిగుతుంది, మైలేజీ ఇస్తుంది, ఇంటికి వచ్చాక చొక్కా వాసన రాదు. కాకపోతే లోపల వాల్వులు, క్యామ్, టైమింగ్ చైన్ అంటూ ఓ ఉమ్మడి కుటుంబమే కాపురముంటుంది. టూ స్ట్రోక్ అయితే చెట్టు కింద కూర్చుని సిలిండర్ విప్పి రింగులు మార్చుకోవచ్చు. ఇక్కడ టాపెట్ టకటకమంటే మెకానిక్ ఫోన్ ఎత్తేదాకా ఆగాలి. ఇక బరువంటారా, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 తూకం 196 కిలోలు. వానాకాలపు ఎర్రమట్టిలో అది పక్కకు ఒరిగితే లేపడానికి ముగ్గురు కావాలి, వీడియో తీయడానికి నాలుగోవాడు.

వాదన ముదిరితే టూ స్ట్రోక్ వారు నేరుగా ఆస్ట్రియా వెళ్లిపోతారు. అక్కడ ఎర్జ్‌బెర్గ్ ఇనుప గని కొండ మీద 1995 నుంచి జరుగుతున్న పందేన్ని బ్రిటిష్ రైడర్ గ్రాహం జార్విస్ ఐదుసార్లు టూ స్ట్రోక్ మీదే గెలిచాడు. నిజమే. 2015లో ముందున్న నలుగురూ ఓ చోట ఎక్కలేక, ఒకరి బండిని ఒకరు లాక్కుంటూ గట్టెక్కి ఉమ్మడి విజేతలయ్యారన్న భాగం మాత్రం పారాయణంలో ఉండదు. అవతలివారు 1997లో అమెరికన్ రేసర్ డగ్ హెన్రీ ఫోర్ స్ట్రోక్ యమహా మీద లాస్ వేగస్ సూపర్‌క్రాస్ (స్టేడియంలో మట్టి దిబ్బల మీద జరిగే రేసు) గెలిచిన సంగతి తీస్తారు. ఆ తర్వాత పదేళ్లకు హోండా తన టూ స్ట్రోక్ మోటోక్రాస్ (మట్టి ట్రాక్ రేసు) బండ్లను ఆపేసిందనీ గుర్తుచేస్తారు. రూల్స్ ప్రకారం ఫోర్ స్ట్రోక్‌కు దాదాపు రెట్టింపు సీసీ దక్కిందన్నది వీళ్ల నోటా రాదు.

ఇంత చర్చించి షోరూమ్‌కు వెళితే టూ స్ట్రోకే ఉండదు. కాలుష్య నిబంధనలు ఎప్పుడో తేల్చేశాయి. విదేశీ 300 సీసీ ఎండ్యూరో (కొండబాటల పోటీ) బండి తెప్పించుకుంటే దానికి నంబర్ ప్లేటు రాదు, టాటా ఏస్‌లో ఊరేగించుకుంటూ కొండ దాకా తీసుకెళ్లాలి. లక్షలు పోసిన బండి బతుకులో ఎక్కువ కిలోమీటర్లు ఇంకో బండి మీదే. చేరాక రిజర్వ్ ఫారెస్ట్ బోర్డు కనిపిస్తుంది. దాని దగ్గర రెండు సంప్రదాయాలూ ఒకే భక్తితో ఆగి, ఫోటో దిగి, పక్క బాట పడతాయి.

నా సిఫారసు ఒక్కటే. కొనే ముందు బండిని నేల మీద పడుకోబెట్టి, ఎవరి సాయమూ లేకుండా ఐదుసార్లు లేపి చూడండి. మీ సంప్రదాయమేదో ఐదోసారికి మీ నడుమే చెబుతుంది. సేల్స్ కుర్రాడు ఒప్పుకోడు. అతణ్నే లేపమనండి.

ఇక కొండబాట మీద ఇరువర్గాలూ రొప్పుతూ ఆగినప్పుడు వెనక నుంచి టీవీఎస్ ఎక్సెల్ వస్తుంది. ముందు పాల క్యాను, వెనక పచ్చగడ్డి మోపు, తోలే పెద్దాయన కాళ్లకు హవాయి చెప్పులు. ఆ ఎక్సెల్ ఏళ్ల తరబడి టూ స్ట్రోకే. 2015లో ఎక్సెల్ 100గా వచ్చినప్పుడు ఫోర్ స్ట్రోక్ అయింది. పెద్దాయన పాతదీ నడిపాడు, కొత్తదీ నడుపుతున్నాడు. మధ్యలో మతం మారిన సంగతి ఆయనకెవరూ చెప్పలేదు. పాత బండిని చూపించి వీళ్లు, కొత్త బండిని చూపించి వాళ్లు ఆయన తమవాడేనంటూ బాటకు అడ్డంగా నిలబడి మళ్లీ మొదలుపెడతారు.

“జర పక్కకు జరుగుండ్రి సారూ,” అంటాడాయన హారన్ కొట్టి, “బర్లకు యాళ్లయింది.”