మహారాజశ్రీ వాగ్దాన కార్డు గారికి

ప్రభువు నామంలో వందనాలు. మీరు క్షేమమని తలుస్తాను.

అసలు మీ క్షేమానికి లోటేముంది? డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ప్రసంగం సాగినంతసేపూ గోడకు చేరగిలబడి కునికేవాళ్లు కూడా, లేసు గుడ్డ కప్పిన పళ్లెంలో మీరు బయలుదేరారనగానే కొంగులూ కాలర్లూ సర్దుకుని లేచి నిలబడతారు. దేవుడు ఏడాది పొడవునా మాతో చెప్పదలచినదంతా ఒక్క బైబిలు వచనమై, అరచేతిలో పట్టేంత గ్లేజు కాగితం మీద, ఒక గులాబీ పువ్వు పక్కన, పాస్టరు గారి దంపతుల ఫొటో కింద అచ్చయి ఉంటుంది. ఫోను నంబరు కూడా ఉంటుంది. దేవుడిది కాదు.

మిమ్మల్ని తీసుకునే తీరు చూడముచ్చటగా ఉంటుంది. పై వాటికి అందరి చేతులూ తగిలి మహిమ తరిగిపోయి ఉంటుందని ఒకరు అట్టడుగు నుంచి లాగుతారు. ఇంకొకరు తీసి, చదివి, మొహం ముడుచుకుని, ఎవరూ చూడకుండా తిరిగి పళ్లెంలో వేసి మరొకటి తీస్తారు, దేవుడు మొదటిసారి తమను పోల్చుకోలేదన్నట్టు. లాటరీ టికెట్టు కొనడం మా సంఘంలో పాపం. మిమ్మల్ని తీయడం మాత్రం ఆరాధనలో భాగం.

ఇక "నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అన్న కార్డు వచ్చినవారి నడకే మారిపోతుంది. సంఘ పెద్దల ఎన్నికలు దగ్గరపడ్డ ఏడాదైతే మరీను. అది ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోని మాట. ఆ అధ్యాయంలో 68 వచనాలున్నాయి. దీవెనలు 14తో అయిపోతాయి, మిగతా 54 శాపాలు. వాటిలోంచి మీ అచ్చాఫీసు ఇంతవరకు ఒక్కటీ ఏరుకోలేదు. తప్పు పట్టడం లేదు. కొత్త సంవత్సరం పూట ఐగుప్తు పుండ్ల వచనం చేతికొస్తే నేనూ గుట్టుగా పళ్లెంలో వేసేదాన్నే. కాని ఆ దీవెనలకు ముందు "యెహోవా మాట శ్రద్ధగా వింటే" అన్న షరతు ఒకటుంది కదా, దాన్నయినా చిన్న అక్షరాల్లో వేయవలసింది. చిట్‌ఫండ్ కంపెనీలు కూడా షరతులను చిన్న అక్షరాల్లోనైనా వేస్తాయి.

మీరు ఆషామాషీ ఇంటివారు కారని నాకు తెలుసు. జర్మనీలో బొగాట్స్కీ అనే భక్తుడు 1718లో దినానికొక వచనంతో చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. 1728లో హెర్న్‌హూట్ అనే ఊళ్లో జిన్‌జెండార్ఫ్ అనే జమీందారు నడిపిన మొరావియన్ క్రైస్తవ సంఘం రోజుకొక వచనం చెప్పుకోవడం మొదలుపెట్టి, 1731 నుంచి వాటిని పుస్తకంగా తెచ్చింది. అది ఇప్పటికీ ఏటా వస్తోంది, వచనాలను ఇప్పటికీ చీటీ తీసే ఎంచుతారు. అంటే చీటీ మీ తాతలనాటి ఆచారమే. అయితే ఆ ఊళ్లో పొద్దున్నే ఆ వచనాన్ని ఒక మనిషి ఇంటింటికీ తీసుకువెళ్లి చెప్పేవాడు. చెప్పి, ఆ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరికి దిగులు అని కనుక్కుని వచ్చేవాడు. మూడు వందల ఏళ్ల ప్రయాణంలో మీరు వచనాన్ని భద్రంగా మా దాకా తెచ్చారు. ఆ మనిషిని ఏ రేవులో దింపేశారో మాత్రం చెప్పలేదు.

మీలో పట్టాభిషిక్తుడు యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ఆ కార్డు వచ్చిన ఇంట్లో అమెరికా వీసా, అమ్మాయి పెళ్లి, అపార్టుమెంటు రిజిస్ట్రేషను మూడూ జనవరిలోనే ఖరారైనట్టు మాట్లాడుకుంటారు. ఆ మాట ఎవరికి రాసిందో మీరెప్పుడూ చెప్పిన పాపాన పోలేదు. అదీ ఒక ఉత్తరమే. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునూ ప్రధానులనూ చేతిపనివాళ్లనూ బబులోనుకు చెరపట్టుకుపోయాక, వెనుక మిగిలిన యిర్మీయా ప్రవక్త వాళ్లకు రాసి పంపిన ఉత్తరం.

ఆ రోజుల్లోనే హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో నిలబడి, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని ప్రకటించాడు. బబులోను దాస్యానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని విరిచి మరీ చూపించాడు. జనం ఎంత మురిసిపోయి ఉంటారో ఊహించుకోవచ్చు. యిర్మీయా కూడా "ఆమేన్, యెహోవా అలాగే చేయుగాక" అన్నాడు, అలా జరగాలని ఆయనకు మాత్రం లేదా? కాని ఉత్తరంలో రాసింది వేరు. డెబ్బై ఏళ్లు పడుతుంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరలో పెట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి. డెబ్బై ఏళ్ల మాట పదో వచనంలో ఉంది, మీరున్నది పదకొండులో. ఆ ఒక్క వరుస పైకి జరగడానికి మీ కత్తెరకు మనసొప్పలేదు.

ఉత్తరం అందుకున్న నలభై ఏళ్ల మనిషి వేళ్ల మీద లెక్క వేసుకుని ఉంటాడు. తాను ఇంటికి వెళ్లడు. ఆ నిరీక్షణ మనవళ్ల పేరిట రాసి ఉంది. అయినా అతను చేయవలసిన పని ఒకటి ఆ ఉత్తరంలోనే ఉంది, రేపు పొద్దున్నే మొదలుపెట్టగలిగిన పని: పరాయి నేల తవ్వి, విత్తనం వేసి, నీళ్లు పోయడం. మిరప వరుసగా పోయి కౌలు అప్పు మీద పడ్డ గుంటూరు రైతుకు, వారంలో మూడు రోజులు డయాలసిస్ మంచం మీద గడిపే మనిషికి, గల్ఫ్‌లో పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోయిన కుర్రాడికి మీ పదకొండో వచనం కంటే ముందు, ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి అన్న ఆ అయిదో వచనం అందాలి. మీ ధోరణికి సరిపోయే రచయిత హనన్యాయే. పాపం, ఆ ఏడాదే పోయాడు.

మీ రెండో దొర ఫిలిప్పీయులకు 4:13. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకు మీదా, ఎంట్రన్స్ పరీక్ష హాల్‌టికెట్ వెనుకా, వ్యాయామశాల గోడ మీదా మీదే రాజ్యం. ఊరూరా సంఘాలు స్థాపించిన పౌలు దాన్ని ఫిలిప్పీ అనే ఊరి సంఘానికి బేడీల్లో ఉండి రాశాడు. తాను వేటిని తట్టుకోగలడో ముందు వచనంలోనే చెప్పాడు: కడుపు నిండటం, ఆకలి, కలిమి, లేమి. ర్యాంకు ప్రస్తావన ఎంత వెతికినా దొరకలేదు. ఆ తర్వాతి వచనంలో, నా శ్రమలో మీరు పాలుపంచుకోవడం మంచి పని అంటాడు. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు అనే మనిషి చేతికి సాయం ఇచ్చి పంపింది. ఆ పనిలో అతను జబ్బుపడి చావు దాకా వెళ్లి బతికాడు. అంటే ఆ ధైర్యవచనానికి ఇటు ఆకలి, అటు డబ్బు తెచ్చిన మనిషి కాపలా ఉన్నారు. ఇద్దరినీ తప్పించి మధ్యలో ఉన్నదాన్ని మాత్రం ఎత్తుకొచ్చారు మీరు. చేతివాటం మెచ్చుకోవలసిందే.

చెప్పడం మరిచాను. సందర్భం నుంచి కత్తిరించిన వాగ్దానాన్ని యేసు చేతికే ఇవ్వజూపినవాడు ఒకడున్నాడు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు చేతులతో ఎత్తుకుంటారని 91వ కీర్తన అప్పజెప్పి, దూకమన్నాడు. అతని పేరు మత్తయి 4వ అధ్యాయంలో ఉంది. మీకు బంధువని నేననను, కాని ఆ కీర్తనలో అతను వాడిన వచనమే మీ దగ్గర బాగా చెల్లుబాటులో ఉంది.

మీరొక్కరే అయితే ఇంత పొడుగు ఉత్తరం అవసరం లేకపోయేది. మీతోపాటు వచ్చే పరామర్శలే అసలు బాధ. భర్తను మట్టిచేసి నెల తిరగని మనిషి మందిరంలో కొంగు నోట కుక్కుకుంటుంటే, పక్కన చేరి "ఈ ఏడు నీ వాగ్దానం ఏమొచ్చిందమ్మా?" అని అడుగుతారు. "యెహోవా నా కాపరి అండీ." "మరి ఏడుస్తావెందుకు?" ఆ కీర్తన రాసినవాడు గాఢాంధకారపు లోయలో నడుస్తున్నానని అక్కడే రాసుకున్నాడు. ఆ లోయ మీ కార్డులో పట్టలేదు, అందుకని ఆవిడ ఏడుపుకు కూడా చోటు లేకుండా పోయింది. వాగ్దానం నెరవేరితే మీకు సాక్ష్యం, నెరవేరకపోతే ఆవిడకు విశ్వాసం చాలలేదు. మీరు ఓడిపోయే వీలు లేని ఆట ఇది.

పిల్లలనూ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితులను లోకమంతా తిడుతుంది. వాళ్లు మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. నోరు తెరిచాకే చెడింది. మనవాళ్లు ఆ ఏడు రోజులూ దాటేసి తిన్నగా వాళ్లలో మొదట నోరు తెరిచిన ఎలీఫజు ఉపన్యాసం నుంచి మొదలుపెడతారు. అదీ ఆసుపత్రి వార్డులో, సెలైను సీసా కింద, ఫోనులో వచ్చిన వచనం చదువుతూ. అన్నట్టు, 88వ కీర్తన చదివారా? మొదటి నుంచి మొరే. చివరి మాట చీకటి. ఒక్క ఓదార్పు వాక్యమూ అంటించకుండానే దాన్ని పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. మీ అచ్చాఫీసులో అయితే ప్రూఫు దగ్గరే ఆగిపోయేది.

మనవాళ్లు కష్టాన్ని ఎలా ఎదుర్కొన్నారో ఒక సంగతి చెబుతాను. అదీ జనవరి ఒకటో తారీఖుదే కనుక మీ శాఖకు సంబంధించిందే. 1854 జనవరి 1న తెల్లవారుజామున నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. అప్పటికి ఆ మిషనును ఎత్తేయడం మేలని అమెరికా పెద్దలు తర్జనభర్జన పడుతున్నారు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ఐదుగురూ వంతులవారీగా అడిగారు. ఆ మనిషి, జాన్ ఎవరెట్ క్లౌ, ఒంగోలులో అడుగుపెట్టేసరికి 1866 అయింది. "ఈ సంవత్సరమే నీ సంవత్సరం" అని ఆ ఐదుగురి చేతిలో మిమ్మల్ని పెట్టి ఉంటే, రెండో ఏటికే వాళ్లు కొండ దిగిపోయేవారేమో.

తర్వాత 1876లో మహాకరవు వచ్చింది. క్లౌ అంతకుముందు సర్వేయరు పని చేసినవాడు. ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఊళ్లు విడిచి వచ్చిన జనానికి అక్కడ పని, దినకూలి దొరికాయి. ఎక్కువమంది ఊరి బావిలో నీళ్లు కూడా తోడుకోనివ్వని కులాలవాళ్లు. తెలుగు బోధకులే మేస్త్రీలు. మట్టి తట్టలు దించి జనం కాసేపు కూర్చున్నప్పుడు, ప్రయాసపడి భారం మోస్తున్నవారలారా రండి, విశ్రాంతినిస్తాను అన్న మాట చెప్పేవారు. తల మీద తట్ట దించినవాడికి ఆ వచనం వివరించి చెప్పనక్కరలేదు. చెప్పినవాడే సాయంత్రం కూలి కూడా లెక్క కట్టేవాడు.

ఇంకా విడ్డూరం ఏమిటంటే, బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగినా, కూలి కోసం అడుగుతున్నారేమోనని కరవు సాయం నడిచినంత కాలం ఆయన ఒప్పుకోలేదు. పనులు అయిపోయి, ఇవ్వడానికి డబ్బు లేని రోజు వచ్చాకే సరేనన్నాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది నీళ్లలో దిగారు. ఆ అంకె మా ప్రసంగాల్లో ఏటా వినిపిస్తుంది. మూడున్నర మైళ్ల సంగతి మాత్రం ఎప్పుడో గాని వినపడదు. మట్టి పని ఫొటో మీ గులాబీ పక్కన అందంగా ఉండదు మరి.

మిమ్మల్ని మానేయమని అడగడం లేదు. అడిగినా మా సంఘం ఒప్పుకోదు, పైగా నా పేరు బయటికి వస్తుంది. నా మనవి చిన్నది. ముందువైపు గులాబీ, దంపతుల ఫొటో, అన్నీ యథాతథంగా ఉండనివ్వండి. వెనుకవైపు ఏటా టీవీ కార్యక్రమాల వేళలు వేస్తున్నారు కదా, వాటిని తీసేసి ఆ వచనానికి ముందు ఉన్న వచనం, తర్వాత ఉన్న వచనం వేయండి. కింద ఒక గీత గీసి "ఆసుపత్రికి తోడు వచ్చేవారి పేరు" అని రాసి ఖాళీ వదలండి. పళ్లెం పట్టుకున్న పెద్దాయన కార్డు ఇచ్చే ముందు ఆ ఖాళీలో తన పేరో, తన ఇంట్లోవాళ్ల పేరో రాయాలి. రాయనిదే పళ్లెం కదలకూడదు.

విజయవాడ అచ్చాఫీసులు నవంబరుకల్లా ఆర్డర్లు తీసుకోవడం ఆపేస్తాయి కనుక జవాబు త్వరగా ఇప్పించండి. రెండో వైపు అచ్చుకు ఖర్చు పెరుగుతుందని పాస్టరు గారు అంటారు. ఆ బాధ ఆయనకు వద్దు. మా స్త్రీల సమాజం దగ్గర పిడికెడు చొప్పున కూడబెట్టిన బియ్యం అమ్మిన డబ్బు ఉంది. వెయ్యి కార్డులకు ఎంతవుతుందో రాసి పంపండి.

ఇట్లు,
ఆడవాళ్ల వైపు చివరి చాప మీద కూర్చునే ఒక విశ్వాసురాలు