గాజు గొట్టంలో గెలిచిన పసుపు

ఈ మధ్య ఏ మందుల షాపుకెళ్లినా పసుపు క్యాప్సూల్ సీసాలు కనిపిస్తున్నాయి. వాటి మీద 'యాంటీఆక్సిడెంట్' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఆ మాటకు అంత బరువుందా?

కణాలు ఆక్సిజన్‌ను వాడుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే దూకుడు అణువులు పుడతాయి. అవి డీఎన్‌ఏను, కణాల పైపొరను దెబ్బతీస్తాయి. ముసలితనానికి మూలం ఇదేనని 1956లో అమెరికా శాస్త్రవేత్త డెన్హమ్ హార్మన్ ప్రతిపాదించాడు. మొక్కల్లోని పాలీఫినాల్స్, కెరోటినాయిడ్లు అనే పదార్థాలు ప్రయోగశాలలో ఈ రాడికల్స్‌ను ఇట్టే అణిచేస్తాయి; ఇలా అణిచేవాటినే యాంటీఆక్సిడెంట్లు అంటారు. అయితే మాత్రలుగా మింగితే సరి అనుకున్నారు.

ఫిన్లండ్‌లో ఆ పని చేసి చూశారు. పొగతాగే మగవాళ్లు 29 వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (ఒక కెరోటినాయిడ్) తీసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. తగ్గుతుందనుకున్నది పెరిగింది! అమెరికాలో ఇలాంటి పరీక్షనే 1996లో మధ్యలో ఆపేశారు.

ఫ్రీ రాడికల్స్ ఉత్త శత్రువులేం కాదు. తెల్ల రక్తకణాలు సూక్ష్మక్రిములను చంపడానికి వాటిని కూడా వాడుకుంటాయి. అసలు మొక్కల పదార్థాలు రాడికల్స్‌ను నేరుగా పట్టుకోవడం కంటే, కణాన్ని కాస్త గిల్లి దాని సొంత రక్షణ ఎంజైములను నిద్రలేపుతాయన్న వివరణే నాకు సబబుగా తోస్తుంది. క్యాబేజీ, బ్రోకలీల నుంచి వచ్చే సల్ఫోరఫేన్ చేసేది ఇదే. గిల్లడానికి చిటికెడు చాలు, గుప్పెడు అక్కర్లేదు.

ఇక పసుపు సంగతి. అందులోని ముఖ్య పదార్థం కర్క్యుమిన్ పొడిలో ఉండేదే 3 శాతం అటూ ఇటూ. అందులోనూ రక్తంలోకి చేరేది బహు తక్కువ. మిరియాల్లోని పైపరీన్ కలిపితే అది 20 రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. (మిరియాల చారు కాచిన మన అమ్మమ్మలకు ఇది ముందే తెలుసని వాట్సాప్‌లో తిప్పకండి. వాళ్లు రుచికోసం, జలుబుకోసం కాచారు.) క్యాప్సూల్ కంపెనీలు మాత్రం పైపరీన్‌ను వెంటనే అందుకున్నాయి.

చిక్కు అక్కడే ఉంది. పైపరీన్ పేగుల్లో, కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములకు అడ్డుపడుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, బీపీకి వాడే ప్రొప్రనలాల్ దానివల్ల రక్తంలో పెరిగినట్టు పరీక్షల్లో కనబడింది. 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడినవాళ్లలో కాలేయ వాపు కేసులు బయటపడ్డాయి. కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, నెలల తరబడి మింగే గాఢమైన సారం వేరు. బీపీ మాత్రతో పాటు పసుపు క్యాప్సూల్ కూడా వేసుకుంటున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెబుతున్నారా? 'అది మందు కాదుగా' అని చాలామంది చెప్పరు.