మహారాజశ్రీ మందుల సంచి గారికి

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ దయవల్ల అమ్మ కూడా డాలస్‌లో అక్క దగ్గర ఆరు నెలలుండి క్షేమంగానే తిరిగొచ్చింది. మీ దయ కాస్త తక్కువైతే ఇంకా క్షేమంగా ఉండేదేమోనన్న అనుమానంతోనే ఈ ఉత్తరం.

బట్టల కొట్టువాళ్లు పట్టుచీరతో పాటు ఇచ్చిన జిప్పు సంచి మీరు. వీసా వచ్చిన మర్నాడు అమ్మ మీ నోరు తెరిచింది. ఆ తర్వాత జిప్పు పడితే ఒట్టు. డోలో, జెలుసిల్, ఎలక్ట్రాల్, వాము, శొంఠి, అమృతాంజనం. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు బొంబాయిలో మొదలుపెట్టిన ఆ అమృతాంజనం లేనిదే మనవాళ్ల విమానం గాల్లోకి లేవదు కదా. పైగా అక్క వాట్సాప్‌లో పంపిన జాబితా ఒకటి: "అజిత్రోమైసిన్ పది స్ట్రిప్పులు. పిల్లలకి జలుబు చేస్తే ఇక్కడ యాంటీబయాటిక్ రాయరు." జలుబుకి అది పనిచేయదు కాబట్టే రాయరని నేనంటే, అమ్మ నన్ను పిసినారి వాణ్ని చూసినట్టు చూసింది. డాక్టర్ చీటీ లేకుండా మనదగ్గరా అమ్మకూడదు. మా సందు చివరి మెడికల్ షాపులో ఆ మాట ఎవరూ ఎత్తరు.

ఇంతకీ మీ కడుపులో అమ్మ మందులు ఎక్కడున్నాయి? అడుగున. బీపీకి, షుగరుకి, థైరాయిడ్‌కి. షాపతను కత్తెరతో ముక్కలు చేసిచ్చిన స్ట్రిప్పులు: పేరున్న ముక్క మాకు, తేదీ ఉన్న ముక్క ఆయనకి. అమెరికాకి మూడు నెలలకు సరిపడా మందులు, అసలు ప్యాకింగ్‌లో, డాక్టర్ చీటీతో తీసుకెళ్లమంటారు. చీటీ భద్రంగానే ఉంది, మా ఫ్రిజ్ మీద ఫైల్లో.

బీమా సంగతి మీకు తెలియనిది కాదు. యూరప్‌కి షెంగెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. అమెరికా సందర్శకుల వీసాకి అలాంటి షరతు లేదు. షరతు లేదంటే అవసరం లేదని నాన్న అర్థం. "వెళ్లేది కూతురింటికిరా. అన్నీ సంచిలో ఉన్నాయిగా!" అన్నారు. నేనే పట్టుబట్టి కట్టాను. తీరా చూస్తే పాత జబ్బులకి వర్తించదట. అమ్మలోంచి బీపీ, షుగర్, థైరాయిడ్ తీసేస్తే మిగిలేవి మోకాళ్లు. అవీ పాతవే.

ప్రయాణం రోజున చేతిసంచిలో సున్నుండలూ పూతరేకులూ ఎక్కాయి, చితికిపోతాయని. మిమ్మల్ని 23 కిలోల సూట్‌కేసులోకి తోశారు. ఆ సూట్‌కేసు దోహాలో దిగి, డాలస్ విమానం ఎక్కడం మరిచిపోయింది.

రెండు రోజులు అమ్మకి మాత్రల్లేవు. బీపీ పెరిగింది. అక్క ఆస్పత్రికి తీసుకెళ్తే ఏ మందు వాడతారని డాక్టరు అడిగాడు.

"తెల్లది. చిన్నది. పొద్దున్నే వేసుకుంటాను," అంది అమ్మ.

ఇక్కడ అర్ధరాత్రి స్టూలెక్కి, ఫ్రిజ్ మీది ఫైల్లో కరెంటు బిల్లుల మధ్య చీటీ వెతికి ఫొటో పంపాను. బ్రాండు పేరు ఆయనకి అర్థం కాలేదు. కింద బ్రాకెట్లో ఉన్న అసలు మందు పేరు, అమ్లోడిపిన్ అన్న ముక్క, చదివి రాసిచ్చాడు. బిల్లు బీమావాళ్లకి పంపాం. పాత జబ్బు అన్నారు.

మూడోరోజు మీరు దర్జాగా దిగారు. వామూ చెక్కుచెదరలేదు, అజిత్రోమైసినూ చెక్కుచెదరలేదు.

మీరు అదృష్టవంతులు లెండి. దుబాయ్ వెళ్లే మీ బంధువులకి గండం ఇంకా పెద్దది. ఇక్కడ నొప్పులకి రాసే ట్రమడాల్ ముందస్తు అనుమతి లేకుండా దొరికితే అక్కడ కేసు. కూరలో వేసే గసగసాలు కూడా నిషేధమే.

వచ్చేటప్పుడు మీరు ఖాళీగా రాలేదు. విటమిన్ సీసాలు, వాటి మధ్య టైలెనాల్ డబ్బాలు నాలుగు. అమ్మ అపార్ట్‌మెంట్లో అందరికీ పంచుతోంది: "అమెరికాదమ్మా, ఒక్కటేస్తే జ్వరం పరార్." అందులో ఉన్నది డోలోలో ఉండే పారాసెటమాలే, అక్కడ ఎసిటమినోఫెన్ అంటారంతే అని చెప్పబోయాను.

"నీకేం తెలుసురా, నువ్వు అమెరికా వెళ్లావా?" అంది అమ్మ, మీ జిప్పు లాగుతూ.

ఇట్లు,
ఫ్రిజ్ మీది ఫైలుకి కాపలాదారు