చచ్చిన సైనికుడు తిరిగి రాకూడదు

మెడీవల్ 2: టోటల్ వార్ అనే కంప్యూటర్ యుద్ధపు ఆటలో ఫ్రాన్స్ తీసుకుని ఆడుతున్నా. పోప్ జెరూసలేం మీదికి క్రూసేడ్ (క్రైస్తవుల మతయుద్ధం) పిలిచాడు, సరేనని బయల్దేరాం. దారిలో కాస్త ఆగితే చాలు, జనం చెప్పాపెట్టకుండా జారుకుంటారు. ఎలాగోలా జెరూసలేం చేజిక్కింది. ఊళ్లో సంబరాలే సంబరాలు. ఫ్యూడల్ నైట్లు అనే గుర్రపు దళం కార్డు మీద మిగిలిన సైనికుల అంకె మాత్రం 11. వాళ్లను మళ్లీ నింపుకుందామంటే జెరూసలేం నగరం. నగరంలో మిలీషియా (ఊరి కాపలా సేన) దొరుకుతుంది గానీ ఈ నైట్లు దొరకరు, వాళ్లు కోటల్లోనే తయారవుతారు. ఓడెక్కించి ఫ్రాన్స్‌కి పంపాలి, మళ్లీ తీసుకురావాలి. టర్న్‌కి, అంటే మన వంతు ఒక్కసారి ఆడితే, 2 సంవత్సరాలు. (ఆటలో మనుషులకు మాత్రం టర్న్‌కి ఆర్నెల్లే వయసు పెరుగుతుంది. ఆ లెక్క ఎవరు వేశారో గానీ వాళ్లకో దండం.) ఈలోపు ఈజిప్టు ఊరుకుంటుందా?

మెడీవల్ 2: టోటల్ వార్ గొప్పదనమంతా ఆ 11లోనే ఉందని నా వాదన. 2006లో వచ్చిన ఈ ఆట గురించి ఎవరిని కదిపినా యుద్ధాల గురించే చెబుతారు: కొండ దిగి దూసుకొచ్చే గుర్రాలు, గోడలు పగలగొట్టే ఫిరంగులు, ఏనుగు మీద ఫిరంగి ఎక్కించుకొచ్చే తైమూర్ సేన. ఇదంతా చూడ్డానికి బాగానే ఉంటుంది. అయితే మైదానంలో ఆ అరగంట ఊపిరి బిగబట్టి ఆడేది గ్రాఫిక్స్ కోసం కాదు. పోయినవాడు పోయినట్టే కాబట్టి. ఎడమ వైపు ఈటెలవాళ్లు విరిగిపోతే వచ్చే ఐదారు టర్న్‌లు అక్కడ ఖాళీయే. అందుకే గెలుస్తామని తెలిసిన యుద్ధంలో కూడా ఆటో రిజాల్వ్ (యుద్ధాన్ని కంప్యూటరే తేల్చేసే బటన్) నొక్కడానికి చెయ్యి రాదు.

ఇదే వరసలో తర్వాత వచ్చిన టోటల్ వార్ ఆటలు సరిగ్గా ఇక్కడే తప్పటడుగు వేశాయి. 2010లో నెపోలియన్: టోటల్ వార్‌తో మొదలుపెట్టి, సొంత నేల మీద నిలబడితే చాలు, దళాలు వాటంతటవే నిండిపోవడం వచ్చింది. రెండు మూడు టర్న్‌లు ఆగితే నిన్నటి నరమేధం ఆనవాలు కూడా ఉండదు. సౌకర్యమే, కాదనను. కానీ పుండు దానంతటదే మానిపోతుందని ముందే తెలిసినవాడు కత్తికి భయపడడు. భయం లేని చోట ఎత్తుగడ ఎందుకు? ఎదురెదురుగా ఢీకొట్టు, ఆగు, నింపుకో, మళ్లీ ఢీకొట్టు.

పాత ఆటను వెనకేసుకొస్తున్నానంటారు. దాని లోపాలు నాకూ తెలుసు. ముట్టడిలో కంప్యూటర్ సేన గోడ కింద నిలబడి బాణాలు తింటూ ఉంటుంది. కోట వీధుల్లో దళం ఇరుక్కుంటే ఇక దాని ఖర్మ. ఎంచక్కా దూసుకెళ్తున్న గుర్రాలు శత్రువు ముందుకొచ్చి ఠక్కున ఆగిపోతాయి. ఒప్పుకున్నా. వీటిలో ఏ ఒక్కటీ పైన చెప్పిన లెక్కను కొట్టెయ్యదు.

యుద్ధం ముగిశాక వచ్చే తెర చూడండి. ఖైదీలను వదిలెయ్యాలా, సొమ్ము తీసుకుని విడిచిపెట్టాలా, చంపెయ్యాలా? సొమ్ము అడిగితే అవతలి రాజు కుదరదనొచ్చు, అప్పుడు చావే. ఇది ఆట కోసం అల్లిన ముచ్చట కాదు. 1356లో పొయిటీర్స్ దగ్గర ఫ్రాన్స్ రాజు రెండో జాన్ ఇంగ్లిష్‌వాళ్లకు చిక్కాడు. 1360 ఒప్పందంలో ఆయన తలకు కట్టిన వెల 30 లక్షల బంగారు నాణేలు. ఫ్రాంక్ అనే నాణెం పుట్టిందే ఆ బాకీ పుణ్యమా అని. 1415లో అజింకోర్ట్ దగ్గర అయిదో హెన్రీ ఖైదీలను చంపించాడు, చేతికి రావాల్సిన సొమ్ము పోతుందని తెలిసీ. మధ్యయుగంలో మనిషికి ధర ఉంది. ఆ ధరను తెర మీద పెట్టింది కనుకనే ఈ ఆట ఇంకా బతికుంది. 2022లో ఫోన్లలోకీ వచ్చింది.

ఇక నా అసలు కడుపుమంట. తెలుగులో మనం చదువుకున్న యుద్ధాలన్నీ కొత్త ఆటల పద్ధతిలోనే ఉంటాయి. పాఠంలో రాజు గెలుస్తాడు, పేరా మారగానే సేన మళ్లీ సిద్ధం. సినిమాలో అయితే చెప్పనే అక్కర్లేదు, హీరో వెనకాల ఎంతమంది కూలినా తర్వాతి సీన్‌కి అంతే మంది. ఆ సైన్యానికి తిండి ఎవరు పెట్టారు, గుర్రం ఎక్కణ్నుంచి వచ్చింది అని అడిగే అలవాటే లేదు మనకి. కాకతీయుల నాయంకర పద్ధతి ఈ ప్రశ్నకు జవాబే కదా: నాయకుడికి ఊళ్లు రాసిస్తారు, బదులుగా ఆ రాబడితో అతను సేనను పోషించాలి. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఇంకో రెండు మార్కులు. సముద్ర వర్తకులకు భయం లేదని రాజు రాతి మీద చెక్కించి మరీ చెప్పాడంటే, ఖజానాకు ఆ సుంకం ఎంత ముఖ్యమో చూడండి. ఖజానా లేకపోతే గుర్రం లేదు.

1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించి ప్రతాపరుద్రుడి దగ్గర్నుంచి పట్టుకుపోయినవి 100 ఏనుగులు, 7000 గుర్రాలని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాశాడు. అంకె కాస్త ఉబ్బి ఉండొచ్చు. పదమూడేళ్లకు, 1323లో, ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ చేతిలో కోట పడిపోయింది. మధ్యలో ఆ పదమూడేళ్లూ ఎలా గడిచాయి? ఏ నాయకుడు తన దళాన్ని మళ్లీ నింపుకోగలిగాడు, ఎవడు చేతులెత్తేశాడు?

మెడీవల్ 2 మ్యాప్ తూర్పున మన దాకా రాదు, ముందే ఆగిపోతుంది. ఎప్పటికైనా మనవాళ్లెవరైనా ఓరుగల్లు ఆట చేస్తే 1310 నుంచే మొదలుపెట్టమంటాను. ముట్టడి అయిపోయింది, ఢిల్లీ సేన వెళ్లిపోయింది, గుర్రాల కార్డు మీద మిగిలిన అంకె 11. మోటుపల్లి సుంకం ఇంకా రాలేదు.