పిల్లికి కావాల్సింది కొత్త ఇల్లేనా?

"అర్జెంట్. మా పిల్లికి మంచి ఇల్లు కావాలి. వచ్చే నెల మా ప్రయాణం. వైద్యానికి కూడా డబ్బు అవసరం, తోచినంత పంపండి." హైదరాబాద్‌లో పిల్లులు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్ స్టోరీల్లో ఇలాంటి పోస్టులు తరచూ కనిపిస్తుంటాయి. కింద ఒక ఫొటో, ఫోన్ నంబరు, క్యూఆర్ కోడ్ ఉంటాయి. చూసినవాళ్లు "అయ్యో పాపం" అంటారు, షేర్ చేస్తారు. కొందరు వందో రెండు వందలో పంపిస్తారు. పిల్లిని తీసుకుంటామని మాత్రం ఎవరూ రారు. కొన్నాళ్లకు అదే ఫొటో మళ్లీ వస్తుంది, ఈసారి "వెరీ అర్జెంట్" అన్న మాటతో.

ముఖం కూడా చూడని ఆన్‌లైన్ స్నేహితులను సాయం అడగాలంటే ధైర్యం కావాలి. నోరులేని జీవి కోసం నలుగురి ముందు చెయ్యి చాచడం గౌరవమైన పనే. కాబట్టి అడిగేవాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఈ పోస్టులు చదివేకొద్దీ నాకొకటి గట్టిగా అనిపిస్తోంది. ఇల్లు కావాలంటున్నవాళ్లలో చాలామందికి నిజంగా అవసరమైనది ఇల్లు కాదు. ఒకరికి సరైన సమాచారం కావాలి, ఇంకొకరికి రెండు నెలల గడువు కావాలి, మరొకరికి ఒక ఆపరేషన్ ఖర్చు కావాలి. అది దొరికితే పిల్లి ఉన్నచోటే ఉంటుంది. ఆ అసలు అవసరం పోస్టులో రాయకపోవడం వల్ల, తీర్చగలిగినవాళ్లు కూడా షేర్ కొట్టి ఊరుకుంటున్నారు.

ఇది నా ఒక్కడి ఊహ కాదు. ఇంట్లో పెంచిన జంతువులను ఎందుకు వదులుకున్నారో తెలుసుకోవడానికి అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ పరిశోధకులు సర్వే చేసి 2015లో వివరాలు ప్రచురించారు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లలో 40 శాతం మంది, వైద్యం ఉచితంగానో తక్కువ ఖర్చుతోనో దొరికి ఉంటే తమకు ఉపయోగపడేదన్నారు. వదులుకున్నవాళ్లలో 37 శాతం మంది జంతువును స్నేహితులకో బంధువులకో ఇచ్చారు. షెల్టర్లకు ఇచ్చినవాళ్లూ దాదాపు అంతే. అక్కడి పరిస్థితులు వేరే కావచ్చు. మన దగ్గర పిల్లులను తీసుకునే షెల్టర్లే చాలా తక్కువ కాబట్టి, స్నేహితుల మీద ఆధారపడక తప్పని పరిస్థితి మనకు ఇంకా ఎక్కువ.

మన ఇళ్లలో వినిపించే కారణాల్లో ముందు చెప్పుకోవాల్సింది విదేశీ ప్రయాణం. వీసా రాగానే "పిల్లిని ఎలాగూ తీసుకెళ్లలేం" అని తేల్చేస్తారు. అమెరికా విషయంలో ఇది చాలావరకు అపోహ. 2024 ఆగస్టు నుంచి అక్కడికి వెళ్లే కుక్కలకు నిబంధనలు గట్టిపడ్డాయి. పిల్లులకు మాత్రం రేబిస్ సర్టిఫికెట్ తప్పనిసరి అని అక్కడి ఫెడరల్ ఆరోగ్య సంస్థ సీడీసీ అడగదు. ఎయిర్‌లైన్స్, వెళ్లే రాష్ట్రం షరతులు వేరుగా ఉంటాయి, హవాయి, గువామ్ లాంటి చోట్ల క్వారంటైన్ కథ వేరు. ఇక్కడి నుంచి బయలుదేరడానికి కావాల్సిన ధ్రువపత్రం ఇచ్చే కేంద్ర జంతు క్వారంటైన్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. బ్రిటన్‌కైతే ముందుచూపు కావాలి. చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ వేయించాలి, తర్వాత రేబిస్ టీకా, టీకా వేసిన 30 రోజులకు రక్తపరీక్ష, ఆ రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. అంటే ఆఫర్ లెటర్ రాగానే మొదలుపెట్టాల్సిన పని అది. ఆస్ట్రేలియా మన దేశం నుంచి నేరుగా పిల్లులను రానివ్వదు. వాళ్లు ఒప్పుకున్న మరో దేశం మీదుగా వెళ్లాలి, ఖర్చు చాలా ఎక్కువ. మొదటి ఏడాది నలుగురు రూమ్మేట్లతో ఉండే విద్యార్థి పిల్లిని వెంట తీసుకెళ్లలేకపోవచ్చు, నిజమే. అయితే అతను అడగాల్సింది "ఏడాది పాటు చూసుకోగలరా, తిండి, వైద్యం ఖర్చు నెలనెలా నేను పంపుతాను" అని. శాశ్వతంగా పెంచుకోమంటే వెనకాడేవాళ్లు దీనికి ఒప్పుకునే అవకాశం చాలా ఎక్కువ.

ఇంకో కారణం గర్భం. కోడలికి నెల తప్పిందని తెలియగానే ఇంట్లో పెద్దవాళ్లు పిల్లిని పంపించేయమంటారు. పిల్లుల నుంచి సోకే టాక్సోప్లాస్మోసిస్ అనే ఇన్ఫెక్షన్ భయం అది. భయపడటంలో తప్పు లేదు, ఆ ఇన్ఫెక్షన్ కడుపులో బిడ్డకు హాని చేయగలదు. కానీ పిల్లి నుంచి అది సోకే దారి మలం. మలం బయటికొచ్చిన వెంటనే ప్రమాదకరం కాదు, అందులోని పరాన్నజీవి సోకే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. లిట్టర్ ట్రేను (పిల్లి మలమూత్రాలు పోసే ఇసుక పళ్లెం) ఇంట్లో ఇంకొకరు రోజూ శుభ్రం చేస్తే, పిల్లిని బయట తిరగనివ్వకుండా, పచ్చి మాంసం పెట్టకుండా ఉంటే ఆ ముప్పు బాగా తగ్గిపోతుంది. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల నుంచి కూడా ఇదే ఇన్ఫెక్షన్ రావచ్చు. పిల్లిని వదిలేయమని సీడీసీ కూడా చెప్పదు. ఇలాంటి పోస్టు చూసినప్పుడు షేర్ చేయడం కంటే, ఆ అమ్మాయి గైనకాలజిస్టుతో ఒకసారి మాట్లాడిందా అని అడగడమే అసలైన సాయం.

అపార్ట్‌మెంట్ గొడవ మూడోది. పెంపుడు జంతువులను నిషేధిస్తూ రెసిడెంట్ సంఘాలు తీర్మానాలు చేయకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. వాటిని ప్రింట్ తీసి అసోసియేషన్ ముందు పెట్టడానికి తోడు వచ్చే మనిషి దొరికితే చాలాసార్లు సరిపోతుంది.

ఇక డబ్బు. పిల్లులకు వచ్చే కొన్ని జబ్బులు గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తాయి. మగ పిల్లికి మూత్రం ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే మలబద్ధకం అనుకుని ఆలస్యం చేయకూడదు, వెంటనే క్లినిక్‌కు పరిగెత్తాలి. మూత్రం తీసే గొట్టం (కాథెటర్), సెలైన్, రక్తపరీక్షలు, రెండు మూడు రోజుల అడ్మిషన్ అంటే మధ్యతరగతి ఇంటికి బరువే. అలాంటి రాత్రి క్యూఆర్ కోడ్ పెట్టేవాళ్లను నేను సందేహించను, చేతనైనంత పంపమనే చెబుతాను.

కొన్ని జబ్బులకు నెలల తరబడి ఖర్చు అవుతుంది. ఎఫ్‌ఐపీ అందుకు పెద్ద ఉదాహరణ. పిల్లుల్లో మాత్రమే ఉండే ఒక కరోనా వైరస్ వల్ల వచ్చే జబ్బు ఇది, కోవిడ్‌తో దీనికి సంబంధం లేదు. పొట్టలో నీరు చేరుతుంది, జ్వరం తగ్గదు, కొన్నిసార్లు కళ్లకూ మెదడుకూ పాకుతుంది. కొన్నేళ్ల కిందటి వరకు ఈ పేరు వింటే ఆశ వదులుకోవడమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో నీల్స్ పీడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందును సహజంగా ఈ జబ్బు వచ్చిన 31 పిల్లులకు ఇచ్చి చూసింది. వాటిలో 25 దీర్ఘకాలం బతికాయి. 2019లో ఆ ఫలితాలు వచ్చేనాటికి మందు ఉందని లోకానికి తెలిసింది, కానీ పిల్లులకు వాడే మందుగా అది ఎక్కడా చట్టబద్ధంగా అమ్మకానికి లేదు. 

అప్పుడు ముందుకొచ్చింది ఆన్‌లైన్ స్నేహితులే. చైనాలో తయారైన సీసాలను ఫేస్‌బుక్ గ్రూపుల ద్వారా తెప్పించుకున్నారు. బరువును బట్టి డోసు లెక్కగట్టడం, ఇంజెక్షన్ ఇవ్వడం ఒకరికొకరు నేర్పుకున్నారు. సాధారణంగా కోర్సు 84 రోజులు. తమ పిల్లి కోలుకున్నాక మిగిలిన సీసాను, ఒక్కోసారి తమ పిల్లి చనిపోయాక మిగిలిన సీసాను, పక్క ఊళ్లో అప్పుడే జబ్బు బయటపడ్డ పిల్లికి పంపించారు. బ్రిటన్‌లో 2021లో, అమెరికాలో 2024లో డాక్టరు చీటీ మీద ఈ మందు దొరకడం మొదలైంది. ఈలోపు ఎన్నో పిల్లులు బతికాయంటే అది పరిచయం లేని మనుషుల చలవే. ఆ గ్రూపుల పని తీరులో నన్ను ఆకట్టుకున్నది దాపరికం లేకపోవడం. ఈ రోజు బరువు ఎంత, డోసు ఎంత, ఎన్ని సీసాలు మిగిలాయి, ఎన్ని కావాలి అన్నీ ముందే చెప్పుకునేవాళ్లు. ఎదుటివాడికి తన వాటా ఎంతో అర్థమయ్యేది.

మన పోస్టుల్లో లోపించింది ఇదే. "వైద్యానికి డబ్బు కావాలి" అంటే ఎంత, దేనికి, ఎప్పటిలోగా? జబ్బు పేరు, డాక్టరు ఇచ్చిన అంచనా, ఇప్పటికే మీరు పెట్టుకున్నది, ఇంకా తక్కువ పడుతున్నది రాయాలి. వీలైతే మీ ఖాతాకు కాకుండా నేరుగా క్లినిక్ ఖాతాకే పంపమనాలి. పాత ఫొటోలతో, ఇంకెవరిదో బిల్లుతో డబ్బు వసూలు చేసే మోసగాళ్లు ఉన్నారు, వాళ్ల వల్ల నిజమైన అవసరం ఉన్నవాళ్లను కూడా నమ్మడం కష్టమైంది. లెక్క చూపించమని అడిగితే నొచ్చుకోకండి, అడిగినవాడు రేపు మళ్లీ ఇస్తాడు. బంధువులు కానివాళ్ల నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన మొత్తం 50,000 రూపాయలు దాటితే అది ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. నేరుగా క్లినిక్‌కు కట్టించడానికి ఇదొక అదనపు కారణం. విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట: జంతు సంక్షేమ సంస్థకు విరాళం ఇచ్చేటప్పుడు మీరు ఇంకా భారత పౌరులైతే మీ సొంత సంపాదన విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక వస్తుంది, అప్పుడు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థకే పంపాలి.

ఇన్ని చూశాక కూడా నిజంగా ఇల్లు మారాల్సిన పిల్లులు ఉంటాయి. యజమాని చనిపోయిన పిల్లి, పసిబిడ్డకు ఆస్తమా ఉన్న ఇంట్లో పిల్లి, ఒంటరి వృద్ధురాలు ఆసుపత్రి పాలైతే మిగిలిపోయిన పిల్లి. వీటి కోసం పెట్టే పోస్టులో డబ్బు అడగవద్దని నా సలహా. రెండూ కలిపితే చదివినవాళ్లు సులువైన పని చేసి బాధ్యత తీరిందనుకుంటారు. వంద రూపాయలు పంపడం నిమిషం పని, ఇంట్లో చోటివ్వడం పదిహేనేళ్ల మాట.

ముద్దు ముద్దు ఫొటో కంటే లోపాలు దాచకుండా రాసిన నాలుగు వాక్యాలు మంచి ఇంటిని తెస్తాయి. వయసు, టీకాలు, కుక్కలంటే భయమా, పిల్లలు ఎత్తుకుంటే గీరుతుందా, ట్రే బయట తడుపుతుందా, అన్నీ రాయండి. ఇచ్చేముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. పర్షియన్ ఆడపిల్లిని "ఉచితం" అని పెడితే, దాన్ని ఈతల మీద ఈతలు వేయించి అమ్ముకునేవాళ్లు కూడా ప్రేమగానే మాట్లాడతారు. స్నేహితులు డబ్బు పోగు చేయాల్సింది ఏదైనా ఉంటే ముందు ఈ ఆపరేషన్‌కే. తీసుకునేవాళ్ల ఇంటికి వెళ్లి చూడండి. బాల్కనీకి, కిటికీలకు నెట్ లేకపోతే పై అంతస్తు నుంచి పిల్లి పడిపోయే ప్రమాదం ఉంది.

తల్లిపిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు అంటారు. పెరిగిన పిల్లికి మాత్రం ఇల్లు మారడం పెద్ద దెబ్బ. కొత్త చోట రోజుల తరబడి మంచం కింద నుంచి రాకపోవచ్చు, తిండి ముట్టకపోవచ్చు. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయం దెబ్బతింటుంది, అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. అందుకే పాత దుప్పటి, అలవాటైన తిండి, అదే లిట్టర్ తోడుగా పంపాలి. పిల్లి అక్కడ ఇమడకపోతే ఎక్కడో వదిలేయకుండా మీకే తిరిగి ఇస్తామన్న మాట కొత్త యజమానుల దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. చట్టం మీద భరోసా పెట్టుకోలేం. జంతువును ఆకలిదప్పులకు వదిలేస్తే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద మొదటి తప్పుకు పది నుంచి యాభై రూపాయల జరిమానా మాత్రమే.

సాయం చేసేవాళ్లకు కూడా చేయగలిగినవి చాలా ఉన్నాయి. "ఆదివారం నా కారులో క్లినిక్‌కు తీసుకెళ్తాను", "పదిహేను రోజులు మా ఖాళీ గదిలో ఉంచుకుంటాను", "అపార్ట్‌మెంట్ మీటింగ్‌కు నేనూ వస్తాను" అనొచ్చు. అడిగినవాళ్లు ఆ తర్వాత ఏమైందో తప్పక రాయాలి. పిల్లి కుదురుకుంటే ఫొటో పెట్టాలి, చనిపోతే ఆ మాటా చెప్పాలి, మిగిలిన డబ్బు ఎంతో చెప్పి ఇంకే పిల్లి వైద్యానికి మళ్లించాలో ఇచ్చినవాళ్లనే అడగాలి.