ఫజర్ వేళ ఫజీతి

పిల్లల వేసవి శిబిరంలో రాత్రి పదింటికి నిద్రపోయేవాడూ ఉండడు, తెల్లవారుజామున పిలవగానే లేచేవాడూ ఉండడు. ఎండాకాలం రాత్రే పొట్టిది. ఇషా (రాత్రి నమాజ్) ఆలస్యం, ఫజర్ (తెల్లవారుజాము నమాజ్) తొందర. మధ్యన మిగిలిన కాస్త నిద్రనీ దిండ్ల యుద్ధం మింగేస్తుంది. నిర్వాహకులేమో "4.30 నిద్ర లేవడం, 4.40 వజూ, 4.50 జమాత్" అని చార్టు రాసి గోడకి అంటిస్తారు. వజూ అంటే నమాజ్‌కి ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోవడం, జమాత్ అంటే అందరూ కలిసి చేసే నమాజ్. వజూకిచ్చిన ఆ పది నిమిషాల దగ్గరే కొంప మునుగుతుంది.

లెక్క వేసి చూడండి. పిల్లలు 40 మంది, కుళాయిలు 4. మణికట్ల దాకా చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తలకి మసహ్ (తడిచేత్తో తుడవడం), చీలమండల దాకా కాళ్లు. మసహ్ తప్ప తక్కినవన్నీ మూడేసి సార్లు. మెలకువగా ఉన్నవాడికి రెండు నిమిషాలు చాలు. కళ్లు మూసుకుని చేసేవాడు మాత్రం మధ్యలో ఆగి, "ముక్కు రెండోసారా, మూడోసారా?" అని పక్కవాణ్ని అడుగుతాడు. వాడికీ తెలీదు. ఇద్దరూ మళ్లీ మొదటి నుంచి. మనిషికి మూడు నిమిషాలన్నా వరస కదలడానికి అరగంట. మరుగుదొడ్ల వరస దీనికి అదనం.

ఇక నీళ్లు. కుళాయి బార్లా తిప్పితే నిమిషానికి ఆరు లీటర్లన్నా పోతాయి. మూడు నిమిషాలకి 18, నలభై మందికి 720. రాత్రి స్నానాలు, ఇషా వజూ అయ్యాక వెయ్యి లీటర్ల ట్యాంకులో అన్ని ఎక్కడివి? ప్రవక్త ఒక్క ముద్ద్ నీళ్లతో, అంటే లీటరు లోపు నీళ్లతో, వజూ చేసేవారని సాయంత్రం క్విజ్‌లో అందరూ చెయ్యెత్తి మరీ చెప్పి ఉంటారు. తెల్లారేసరికి నోటి నిండా పేస్టు నురగతో ఒకడు నిలబడి ఉండగా కుళాయి గరగరమని ఆగిపోతుంది. మిగిలినవాళ్లకి వంటగదిలో టీ నీళ్లే గతి.

ఎలాగో జమాత్ మొదలవుతుంది. అసలు ముప్పు సజ్దాలో ఉంది. నుదురు నేలకి ఆనగానే ఒకడికి నిద్ర పట్టేస్తుంది. అందరూ లేచి కూర్చుంటారు, వాడు లేవడు. పైగా చిన్న గురక. పక్కవాడు పెదవి కొరుక్కుంటాడు, ఆ పక్కవాడు ఫక్కుమంటాడు. హనఫీ ఫిఖ్ (ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఒక శాఖ) ప్రకారం నమాజ్‌లో పకపకా నవ్వితే చిన్నపిల్లలకి నమాజ్ ఒక్కటే పోతుంది, యుక్తవయసు వచ్చినవాడికి వజూ కూడా పోతుంది. అంటే పెద్ద కుర్రాళ్లంతా మళ్లీ ఆ ఎండిన కుళాయిల దగ్గరికే! సూర్యోదయం దాకా వ్యవధి ఉంది కాబట్టి సరిపోయింది.

చార్టు మార్చడం కష్టమేం కాదు. పడుకునే ముందే ట్యాంకు నింపి, పెద్ద కుళాయి కట్టేసి, మనిషికో లీటరు మగ్గు ఇవ్వండి. ఇరవై మందిని పావుగంట ముందు లేపండి, వాళ్లు అయ్యాకే తక్కినవాళ్లని. "లేచాను ఉస్తాద్" అని దుప్పట్లోంచి వచ్చే గొంతుని నమ్మొద్దు, కాళ్లు నేల మీద ఆనితేనే లేచినట్టు. జుహర్ (మధ్యాహ్న నమాజ్) తర్వాత అరగంట ఖైలూలా (పగటి కునుకు) తప్పనిసరి చేస్తే సజ్దా నిద్రలు చాలావరకు తగ్గుతాయి. చెప్పుల మీద పేర్లు రాయించండి, లేదంటే అందరివీ ఒకే రంగు, ఎడమ కాళ్లు రెండు మిగులుతాయి. గురక వీరుణ్ని మాత్రం వరస చివర నిలబెట్టండి. మధ్యలో ఉంటే నవ్వు రెండు వైపులా పాకుతుంది.